ఒక్క టైలు తక్కువ

ఫోర్తునాతో మేస్త్రీకి ఉన్న లోపం ఒక్కటే. ఆయన ఏ పనీ పూర్తి చెయ్యడు.

బద్ధకం అనుకునేరు. బద్ధకస్తుడు పని మొదలే పెట్టడు. ఈయన తెల్లారేసరికి తాపీ పట్టుకుంటాడు, పక్కవాడు రొట్టె నమిలి వచ్చేలోపు నాలుగు వరసల ఇటుక లేపుతాడు, గోడ నూలు పట్టినట్టు నిలబెడతాడు. అంతా అయిపోయి ఒక్క పిసరు మిగిలిందనగా వెనక్కి రెండడుగులు వేసి, తల పక్కకి వాల్చి చూసుకుని, తాపీని బొటనవేలితో తుడిచి సంచిలో వేసేస్తాడు.

"మిగతాది వచ్చే శనివారం."

అది ఏ శనివారమో మాత్రం చెప్పడు.

లీమా నగరం చివర, పచ్చగడ్డి కూడా మొలవని బూడిదరంగు గుట్ట మీద, పసుపు రంగు మెట్లు రెండొందల పద్నాలుగు ఎక్కితే వచ్చే వీధి ఆయనది. అక్కడ ఆయన చెయ్యి పడని ఇల్లు లేదు. కాబట్టి పూర్తయిన ఇల్లు కూడా లేదని వీధిలో అందరి నమ్మకం. ఉబాల్దినా వంటింటి గోడకి ఒక టైలు లేదు. బట్టలు కుట్టే క్లోతిల్దె గుమ్మంలో రెండో మెట్టుకి ప్లాస్టరింగు లేదు. రొట్టెలమ్మే ఎర్మీనియా స్నానాలగది తలుపుకి లోపల గడియ లేదు. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి ఆవిడ గొంతెత్తి పాడుతూ స్నానం చేస్తుంది. ఆ గొంతు కింద బస్టాపు దాకా వినిపిస్తుంది. డ్రైవర్లు దాన్నిబట్టి గడియారాలు సరిచేసుకుంటారని అంటారు, కొంచెం ఎక్కువ చేసి.

ఇక సొంత ఇంటి సంగతి ఆయన భార్య నికోలాసాని అడగాలి. అడగకపోయినా చెబుతుంది.

"చర్చిలో నా వేలికి ఉంగరం తొడుగుతూ కణుపు దగ్గర ఆపేశాడమ్మా ఈ మనిషి! మిగతాది శనివారం అంటాడేమోనని గుండె ఆగిపోయి, నేనే లోపలికి తోసుకున్నాను."

సూపు తాగితే గిన్నెలో చివరి చెంచా మిగులుస్తాడు. వంటింటి గోడకి నూట యాభైతొమ్మిది టైళ్ళు అతికించి నూట అరవయ్యోది పొయ్యి వెనక నిలబెట్టాడు. డాబా మీదకి మెట్లు కట్టి ఆఖరి మెట్టు వదిలేశాడు. డాబా మీద పై అంతస్తు కోసం వదిలిన ఇనప ఊచలు, తుప్పు పట్టకుండా వాటికి బోర్లించిన ఖాళీ సీసాలు మాత్రం లెక్కలోకి రావు. ఆ గుట్ట మీద ఊచలు లేని ఇల్లు కనబడితే, పాపం వీళ్ళకి రేపటి మీద ఆశ లేదనుకుంటారు.

అసలు గొడవంతా ఎద్దు దగ్గర. వాళ్ళు కొండల్లోని కుస్కో వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంటికి శ్లాబు పడ్డ రోజున కప్పు మీద మట్టి ఎద్దుల జంట పెట్టుకుంటారు. ఎద్దులు పక్కపక్కన ఉంటే ఇంట్లో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన ఉంటారట. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట శ్లాబు వేసిన రోజు, వీధంతా డబ్బాలతో సిమెంటు అందించి, ఆనవాయితీ ప్రకారం పూలదండ వేసిన శిలువ మీద సారా సీసా పగలగొట్టి, పాటలు పాడుతుంటే మేస్త్రీ పైకెక్కి ఒక ఎద్దుని నిలబెట్టి దిగాడు. రెండోది అప్పటినుంచీ బీరువా మీద ఉంది. దాన్ని రోజూ దుమ్ము తుడవడం నికోలాసా పని, తుడుస్తూ తిట్టడం అలవాటు.

"పైన గాలి పీల్చుకుంటున్నది నువ్వు. ఈ బీరువా మీద పడున్నది నేను."

"శనివారం ఎక్కిస్తానే."

"ఎద్దు ముసలిదైపోయింది, మనిషీ!"

ఆ మాట అంటూ అంటూ ఉండగానే ముసలిదైపోయింది నికోలాసా. ఎద్దు బాగానే ఉంది. ముందు ఆవిడ కుడి మోకాలు పోయింది, దాని తోడుగా ఎడమది పోయింది. రెండేళ్ళ నాలుగు నెలలుగా ఆ పసుపు మెట్లు దిగలేదు. ఆఖరి మెట్టు లేని డాబా మీదకీ ఎక్కలేదు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటే కింద బజారు రేకుల కప్పు అగ్గిపెట్టంత కనబడుతుంది. ఉదయం తుంపర తెరిపిచ్చి ఆ రేకులు మెరిసేదాకా ఆవిడ చేతిలో కాఫీ చల్లారిపోవాల్సిందే. అక్కడ చేపలవాడు ఎవర్ని పేరుపెట్టి పిలుస్తున్నాడో, మూలికలమ్మే ఆవిడ తన ముక్కాలిపీట మీద ఇప్పుడు ఎవర్ని కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతోందో! మేస్త్రీ తెచ్చే బంగాళాదుంపలు మంచివే. కానీ దుంపని గోటితో గిల్లి, "ఇది నిన్నటిది, నాకు తెలీదనుకున్నావా?" అని కొట్టువాడితో పోట్లాడి ఏరుకున్న దుంప రుచి వేరు.

అందుకే ఇల్లు అమ్మాలనుకున్నారు. బజారు వెనక చదును వీధిలో, గుమ్మానికి ఒక్క మెట్టే ఉన్న రెండు గదులు చూసుకున్నారు. ఇది అమ్ముడైతేనే అది దొరుకుతుంది.

కొనడానికి వచ్చినావిడ సెనాయిదా, రిటైరైన నర్సు. మెట్లన్నీ ఆగకుండా ఎక్కి వచ్చింది, ఆయాసపడలేదు, నవ్వనూ లేదు. గోడలకి నాడి చూసినట్టు వేళ్ళు ఆనించుకుంటూ ఇల్లంతా తిరిగింది.

"ఇల్లు నచ్చింది. కానీ ఇక్కడ టైలు లేదు, అక్కడ మెట్టు లేదు. నేను ఒంటరిదాన్ని. మేస్త్రీల వెనక తిరిగే ఓపిక నాకు లేదమ్మా. నెలాఖరు ఆదివారం వస్తాను. అప్పటికి అంతా పూర్తయితే ఇది, లేకపోతే ఎదుటి గుట్ట మీద ఇంకో ఇల్లు."

"మా ఆయనే మేస్త్రీ కదండీ" అంది నికోలాసా.

సెనాయిదా మేస్త్రీ వంకా, టైలు లేని గోడ వంకా చూసింది. "అదే నా భయం" అని మెట్లు దిగిపోయింది.

ఇంటిని అమ్మకానికి సిద్ధం చేయడం మొదలైంది. మేస్త్రీ మొదటివారం ఇంటి ముందు గోడకి ఆకాశనీలం రంగు వేశాడు. పనితనం చూసి దారినపోయేవాళ్ళు ఆగారు. కిటికీ కింద అరచెయ్యంత పాత గులాబీ రంగు ఉండిపోయింది. రెండోవారం కొళాయిలు విప్పి శుభ్రం చేసి బిగించాడు, ఒక మర జేబులో మిగిలింది. కిటికీ అద్దాలన్నీ తుడిచాడు, ఒకటి తప్ప.

"ఆ ఒక్కటీ తుడవలేకపోయావా?"

"శనివారం..."

"శనివారం పేరెత్తావంటే నిన్ను కూడా బీరువా ఎక్కిస్తాను!"

గడువు ఆరు రోజుల్లోకి వచ్చింది. నికోలాసాకి ఆ మధ్యాహ్నం బజారు కప్పు మరీ చిన్నదైపోయినట్టు అనిపించింది. ఇక లాభం లేదని, ఉబాల్దినాకీ, క్లోతిల్దెకీ, ఎర్మీనియాకీ కబురు పెట్టింది. తన ఒక్కదాని మాట చెవికెక్కని మొగుడికి, నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని గడ్డిపెడితే సిగ్గొస్తుందని ఆవిడ పథకం. ముగ్గురికీ ఉడికించిన చిలగడదుంపలు, వేడి కాఫీ పెట్టింది. మేస్త్రీని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"చెప్పు ఉబాల్దినా వదినా. నీ టైలు వెయ్యకుండా ఈయన ఎన్నేళ్ళు చేశాడు?"

"ఎన్నోనా? నేను లెక్కపెట్టలేదు వదినా. చిలగడదుంప భలే తియ్యగా ఉంది."

"తొమ్మిదేళ్ళు! నేను లెక్కపెట్టాను. ఈ రోజే వెళ్ళి వెయ్యమని చెప్పు."

ఉబాల్దినా దుంప గొంతులో అడ్డం పడ్డట్టు దగ్గింది. "వద్దొద్దు! గోడ ఇంకా ఆరలేదన్నారు మేస్త్రీ."

"తొమ్మిదేళ్ళుగానా?"

"చెమ్మ ఎక్కువ వదినా మా గోడకి."

నికోలాసాకి మతిపోయింది. రెండో సాక్షి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు క్లోతిల్దె, ఆ మెట్టు మీద నీకు ఎన్నిసార్లు కాలు జారలేదు?"

"ఒక్కసారి కూడా జారలేదక్కా. గరుకుగా ఉంటే పట్టు బాగుంటుంది. నున్నగా చేస్తేనే ప్రమాదం."

"ఎర్మీనియా! నువ్వైనా నిజం చెప్పు తల్లీ! గడియ లేక పాటలు పాడుకునే ఖర్మేంటి నీకు?"

"నా గొంతు బాగోలేదనా నీ ఉద్దేశం?" అని మూతి ముడుచుకుంది ఎర్మీనియా.

సాక్షులు ముగ్గురూ ముద్దాయి పక్షం చేరిపోయారు. ముద్దాయి టోపీ అంచు సవరించుకుంటూ, "నేను కాస్త పైకెళ్ళి ఊచల మీద సీసాలు చూసొస్తా" అని జారుకున్నాడు.

అడుగుల చప్పుడు పైకి పోయేదాకా ఆగి ఉబాల్దినా నెమ్మదిగా చెప్పింది.

"అసలు సంగతి చెబుతాను, తిట్టకు వదినా. కిందటేడు మా మేనల్లుడు వచ్చి, అత్తా ఇదేంటి ఇలా ఉందని ఆ టైలు వేసేసి పోయాడు. వాడు మెట్లు దిగాడో లేదో, కారం నూరే పొత్రం తీసుకుని నేనే పగలగొట్టాను."

"నీకేమైనా పిచ్చా?"

"టైలు వేసేస్తే మేస్త్రీ ఇంక ఎందుకు వస్తారు వదినా? మా ఆయన పోయినప్పటినుంచీ ప్రతి శనివారం వచ్చి గోడ మీద వేలితో కొట్టి చూసి, ఇంకా ఆరలేదమ్మా అంటారు. గ్యాసు బండ మారుస్తారు. బల్బు పోతే వేస్తారు. కాఫీ తాగుతారు, చివరి గుక్క వదిలేస్తారు. ఊరికే వచ్చి వెళ్ళమంటే నాకు నామోషీ, ఆయనకీ నామోషీ. టైలు బాకీ ఉందనుకో, అది పని."

క్లోతిల్దె తన చేతుల వంక చూసుకుంది. "నాకు సూదిలో దారం ఎక్కదక్కా ఇప్పుడు. కళ్ళు పోయాయని తెలిస్తే బట్టలెవరిస్తారు? మెట్టు చూడ్డానికి వచ్చినప్పుడల్లా పన్నెండు సూదుల్లో పన్నెండు రంగుల దారం ఎక్కించి దిండుకి గుచ్చి వెళ్తారు. వారానికి సరిపోతాయి."

"నేను స్నానాలగదిలో పడ్డాను కదా, గుర్తుందా?" అంది ఎర్మీనియా. "పాట సగంలో ఆగిందని క్లోతిల్దె పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు తోసింది. గడియ ఉంటే ఏమయ్యేదాన్ని? పాట ఆగితే లోపలికి వెళ్ళమని మేస్త్రీ వీధిలో అందరికీ ముందే చెప్పి పెట్టారు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. శనివారాలు ఆయన గుట్టంతా తిరిగి చీకటి పడే వేళకి వస్తే, పని చెయ్యని పనికి ఇంతసేపా అని తిట్టేది నికోలాసా. ఇప్పుడు ఒక్కొక్క ఇల్లూ గుర్తు చేసుకుంటే తెలిసింది: ఏడుగురు పిల్లలతో కిక్కిరిసిన రుపెర్తో ఇంట్లో మేస్త్రీ చివరి ఇటుక దాకా ఒకే వారంలో కట్టి వచ్చేశాడు. మాటలు చెప్పే మనిషి ఉన్న ఏ ఇంట్లోనూ పని మిగల్లేదు. ముప్పై ఏళ్ళుగా తిడుతూ ఆవిడ అది చూడనేలేదు.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రీ దిగి వచ్చాడు. నికోలాసా కాఫీ ఇచ్చింది.

"అందరికీ సరే. మరి ఈ ఇంట్లో ఎందుకు? నేనెక్కడికీ పోను, నువ్వెక్కడికీ పోవు. ఆ టైలు ఎందుకు మిగిల్చావు?"

ఆయన గోడలో ఖాళీ చోటుని వేలితో తడిమాడు. "వేసేస్తే నువ్వు నన్ను దేనికి తిడతావు?"

"తిట్టడానికి నీ దగ్గర కరువా?"

"నువ్వు తిడుతుంటే ఇంట్లోకి వచ్చినట్టుంటుందే" అన్నాడు మేస్త్రీ. కాఫీ ఒక గుక్క తాగి, "డాబా మెట్టు మాత్రం నిజంగా బద్ధకమే. దానికి క్షమించు" అన్నాడు.

"ఇల్లు అమ్మడం నీకు ఇష్టం లేదు. అవునా?"

"నీకు బజారు కావాలి" అన్నాడాయన. ఆ మాటకి జవాబు కాదది, అయినా నికోలాసాకి సరిపోయింది.

మర్నాడు తెల్లవారకుండానే తాపీ చప్పుడు వినబడింది. కిటికీ కింద గులాబీ రంగు మాయమైంది. మిగిలిన అద్దం తుడిచాడు, జేబులో మర బిగించాడు. శుక్రవారానికి డాబా ఆఖరి మెట్టు కట్టి, శనివారం దాన్ని తడిపి, సాయంత్రం నికోలాసా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ పైకి ఎక్కించాడు. రెండో చంకలో ఎద్దు.

పైన గాలికి సీసాలు సన్నగా ఈలలు వేస్తున్నాయి. ఆ ఈల కింద వంటింట్లో ఇన్నేళ్ళు విని, ఎవరో పిల్లలనుకునేది ఆవిడ. మేస్త్రీ రెండో ఎద్దుని మొదటిదాని పక్కన నిలబెట్టి, సిమెంటు మెత్తి, మెడ తిరిగి ఉంటే సరిచేశాడు. మొదటిది ఎండకి వెలిసిపోయి తెల్లబడింది. రెండోది నిన్న కొన్నట్టుంది.

"చూశావా, నేనే పడుచుగా ఉన్నాను" అంది నికోలాసా.

కింద వీధిలో జనం పోగయ్యారు. "మేస్త్రీ రెండో ఎద్దు పెట్టేశాడు!" అని ఎర్మీనియా పెట్టిన కేకకి బస్టాపులో కూడా తలలెత్తి చూశారట. ఎవరో చప్పట్లు కొట్టారు. ఉబాల్దినా మాత్రం కళ్ళొత్తుకుంటూ, "పూర్తయిపోయిందా అయితే" అంది. నిజంగా వాళ్ళిద్దరూ వెళ్ళిపోతున్నారని అందరికీ అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున్నే మేస్త్రీ నూట అరవయ్యో టైలు పొయ్యి వెనకనుంచి తీసి, తుడిచి, సిమెంటు రాసి, గోడకి ఆనించి అరచేత్తో నొక్కాడు. తాపీ సంచిలో వేశాడు. ఈసారి ఏ శనివారం మాటా అనలేదు. వీధిలోకి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

సెనాయిదా వచ్చి అన్నీ చూసింది. మెట్లు లెక్కపెట్టింది, కొళాయిలు తిప్పింది, డాబా మీద ఎద్దుల్ని కూడా ఎగాదిగా చూసింది. "అనుకోలేదు" అంది. ఆవిడ నోట అది మెచ్చుకోలే. తాళంచెవి తీసుకుంది. ఆవిడ వెంట తెచ్చుకున్న సామాను రెండే పెట్టెలు, ఒక కుర్చీ. ఒక్కటే కుర్చీ. గుమ్మంలో దాన్ని ఎటు తిప్పి వెయ్యాలో తేల్చుకోలేక, ఇటు తిప్పీ అటు తిప్పీ పెడుతోంది.

నికోలాసా అది చూసింది. "మంచినీళ్ళు తాగొస్తానండీ" అని వంటింట్లోకి వెళ్ళింది. కొంచెం ఆలస్యంగానే వచ్చింది, శాలువా గట్టిగా కప్పుకుని.

దిగడానికి గంటన్నర పట్టింది. ప్రతి మలుపులోనూ ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, మూలికల కషాయం తాగించారు, ముద్దులు పెట్టారు. ముగ్గురు ఆడవాళ్ళూ కిందదాకా వస్తామని వెంటపడితే, ఎర్మీనియాని మాత్రం నడిమెట్ల దగ్గరే కొట్టులో ఎవరో రొట్టెలడిగి ఆపేశారు. మేస్త్రీ పెళ్ళాం చెయ్యి వదల్లేదు. అడుగు చదునునేల మీద పడగానే నికోలాసా ఆగింది. ఎదురుగా బజారు. అగ్గిపెట్టంత కాదు, అసలు సైజులో. మొదటి కొట్టులోనే దుంపల గుట్ట. ఆవిడ వంగి ఒక దుంపని గోటితో గిల్లింది.

"ఇది నిన్నటిది."

"అమ్మో, నికోలాసమ్మగారూ! ఎన్నాళ్ళకి తల్లీ!" అన్నాడు కొట్టువాడు. "ఇది మొన్నటిది, మీ దగ్గర అబద్ధమెందుకు."

అప్పుడే గుట్ట మీదనుంచి సన్నగా ఒక అరుపు వినిపించింది, మాటలు అందలేదు. నడిమెట్ల మీద ఎర్మీనియా అందుకుని, స్నానాలగది గొంతుతో బజారు మొత్తానికీ వినిపించేలా కిందకి అందించింది.

"మేస్త్రీ! కొత్తావిడ అడుగుతోందీ! వంటింట్లో ఒక టైలు లేదటా!"

మేస్త్రీ మొహం పాలిపోయింది. "నేను వేశాను! మా అమ్మ మీద ఒట్టు, పొద్దున్నే వేశాను!"

ఉబాల్దినా నవ్వింది. క్లోతిల్దె నవ్వింది. దుంపలవాడు కూడా నవ్వాడు. "మిగతాది ఎప్పుడు మేస్త్రీ?" అని చేపల వైపు నుంచి ఎవరో అరిచారు. జన్మలో మొదటిసారి ఒక మనిషి సొంత ఇంటి పని పూర్తి చేస్తే, నమ్మినవాడు ఒక్కడు లేడు.

నికోలాసా శాలువా అంచు కొంచెం పక్కకి జరిపింది. లోపల, సగం ఆరిన సిమెంటుతో, నూట అరవయ్యో టైలు. దాన్ని గోడనుంచి పెళ్ళగించిన సూపు చెంచా కూడా వంకరపోయి పక్కనే ఉంది.

"ఆవిడకి ఒక్కటే కుర్చీ ఉందయ్యా" అంది, మెల్లగా.

మేస్త్రీ టైలు వంకా, పెళ్ళాం వంకా చూశాడు. టోపీ సవరించుకున్నాడు. రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టి, గుట్ట అదిరేలా కేక పెట్టాడు.

"మిగతాది వచ్చే శనివారం!"

నికోలాసా ఆయన్ని మోచేత్తో పొడిచింది. దుంపలు ఏరుకుంటూనే చెప్పింది.

"ఏ శనివారమో మాత్రం చెప్పకు."